లైటు దవాఖానా

మొన్న ఆదివారం మా మనవరాలు వంటింట్లో నూడుల్స్ చేసుకుంటూ వెనిగర్ సీసా మూత తీసింది. ఆ పుల్లటి ఘాటు ముక్కుకు తగలగానే హాల్లో కుర్చీలో కూర్చున్నదాన్ని లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో నాకే తెలియలేదు. ఏమైంది అమ్మమ్మా అని అది అడిగితే, ఏం లేదు, నీ పని చూసుకో అన్నాను. ఎక్స్‌రే ఫిల్ము కడిగే నీళ్లకు అచ్చం ఇదే వాసన. ఇప్పటి పిల్లలకు ఆ సంగతి తెలియదు, ఇప్పుడన్నీ కంప్యూటర్లోనే కనబడతాయి. నేను మాత్రం ఇరవై ఏళ్ల వయసులో ఆ వాసన పట్టిన చీకటి గదిలోనే సగం బతుకు బతికాను. ఆ గది డాక్టర్ విశ్వనాథంగారిది. నాకు పని నేర్పిన మనిషి, నన్ను మనిషిని చేసిన మనిషి. ఆ గదిలోని వెలుతురే ఆయన్ను తినేసింది. ఆయన్ను ఎరిగినవాళ్లు ఒక్కొక్కరే పోతున్నారు. నేనూ పోతే చెప్పేవాళ్లు ఉండరని ఇవాళ రాయడానికి కూర్చున్నాను.

మాది కారేపల్లి దగ్గర పల్లె. నర్సు ట్రైనింగ్ అయ్యాక, డెబ్బైల మధ్యలో, అశ్వారావుపేట దాటి అడవి మొదలయ్యే చోట ఒక చిన్న ఊళ్లో ఆయన దవాఖానాలో చేరాను. పెంకుటిల్లు, ముందు వరండా, లోపల ఆరు మంచాలు. ఆయన వాళ్లు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్న రైతులు. అన్నదమ్ములు పొగాకు వేసుకుంటుంటే ఈయన తన వాటా పొలం అమ్మేసి ఎక్స్‌రే మిషను తెచ్చి పెట్టుకున్నారు. పిచ్చివాడన్నారట ఇంట్లో. అప్పట్లో ఆ చుట్టుపక్కల మిషనంటే అదొక్కటే. అందుకే ఆ దవాఖానాకు బోర్డు మీద ఏ పేరున్నా జనం నోట్లో మాత్రం లైటు దవాఖానా. బస్సు కండక్టరు కూడా 'లైటు కాడ దిగేటోళ్లు దిగుండ్రి' అనేవాడు.

ఆ లైటు గురించి కాస్త చెప్పాలి. ఎక్స్‌రేతో చూడడానికి అప్పుడు రెండు దారులుండేవి. ఒకటి ఫిల్ము తీయడం. ఫిల్ములు విజయవాడ నుంచి రావాలి, వానాకాలం వాగులు పొంగితే బస్సే రాదు, ఇక ఫిల్ములెక్కడివి. రెండోది స్క్రీనింగు. రోగిని మిషనుకూ ఒక అద్దం పలకకూ మధ్య నిలబెట్టి, గదంతా చీకటి చేసి, కాలికింది పెడలు నొక్కితే పలక మీద ఆకుపచ్చటి మసక వెలుతురు వస్తుంది. అందులో పక్కటెముకలు, ఊపిరితిత్తులు, కొట్టుకునే గుండె, అన్నీ కదులుతూ కనబడతాయి. ఫిల్ము అక్కర్లేదు, కరెంటుంటే చాలు. కాకపోతే డాక్టరు కళ్లు చీకటికి అలవాటు పడాలి. అందుకని ఆయన పొద్దున్నుంచీ ఎర్రద్దాల కళ్లజోడు పెట్టుకునే తిరిగేవారు, దాంతోనే అన్నం తినేవారు. ఆయన భార్య సుశీలమ్మగారు పచ్చడి వడ్డిస్తూ, మీకు పప్పూ పచ్చడీ అన్నీ ఒకటే రంగు కదా, ఏది వేస్తే ఏం అని వెక్కిరించేవారు.

నేను చేరిన రోజే నాకొక కట్టుబాటు పెట్టారు. పెడలు నొక్కే ముందు నేను గది బయటికి పోవాలి. సీసం పూసిన ఏప్రాన్ ఒకటి బరువుగా మేకుకు వేలాడేది, లోపల ఉండక తప్పనప్పుడు అది వేసుకోవాలి. పెళ్లి కావలసిన పిల్లవి, ఈ కిరణం కంటికి కనబడదు, ఒంటికి తెలియదు, తర్వాతెప్పుడో చెబుతుంది అనేవారు. మరి మీరో అని అడిగితే, నేను రోగి దగ్గర ఉండకపోతే వాడు భయపడి చస్తాడు కదమ్మా అనేవారు. అంటే ఆయనకు తెలియక కాదు. తెలిసే ఉన్నారు. ఇది తల్చుకున్నప్పుడల్లా నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆయన అసలు విద్య ఎముకలు సరిచేయడం. తాటిచెట్టు మీంచి పడ్డవాళ్లు, ఎద్దులబండి కింద పడ్డవాళ్లు, తునికాకు కోతకు పోయి గుట్ట మీంచి జారినవాళ్లు, ఎవరొచ్చినా ఆయన చీకటి గదిలోకి తీసుకుపోయి, లైటు వేసి, విరిగిన చోటును పలక వెనక పెట్టి, రెండు చేతులతో లాగి కూర్చోబెట్టేవారు. ఆ వెలుతురులో రోగి ఎముకలతో పాటు ఆయన వేళ్ల ఎముకలు కూడా కనబడేవి. మత్తు ఇచ్చే డాక్టరు లేడు. ఒక్క లాగుడులో పని అయిపోవాలి. అయిపోయేది. నాకు తెలిసి ఆ వైపు గూడేల్లో వంకర చెయ్యితో, వంకర కాలితో బతికినవాళ్లు ఆ రోజుల్లో చాలా తక్కువ.

ఇక దగ్గు జబ్బు. క్షయ అంటే ఎవరికీ అర్థమయ్యేది కాదు, దగ్గు జబ్బు అనే అనాలి. అప్పట్లో ఏడాదిన్నర మందు వాడాలి. రెండు నెలలు సూదులు వేయించుకుని, గోళీలు మింగితే దగ్గు తగ్గేది, మనిషి పొలానికి పోయేవాడు, మళ్లీ మొహం చూపించేవాడు కాదు. ఆరు నెలల తర్వాత రక్తం కక్కుతూ మంచం మీద మోసుకొచ్చేవారు. అప్పటికి ఏం చేసినా లాభం లేదు. అలా ఒక వర్షాకాలంలో బాలింతరాలొకామె ఆయన చేతుల్లోనే పోయింది. ఆ సాయంత్రం ఆయన అన్నం ముట్టలేదు. తెల్లారి వచ్చిన దగ్గు రోగితో, నెలనెలా గోళీలన్నీ మింగి రా, లైటు పడతా, మింగకపోతే పట్టను అన్నారు. కోపంతో అన్నమాట అది. అదే పని చేసింది.

జనానికి అప్పటికే ఒక నమ్మకం ఉంది, లైటు పడితే లోపలి జబ్బు ఎండిపోతుందని. ఆ చీకటి, ఆ ఆకుపచ్చ వెలుతురు, లోపల గుండె కొట్టుకోవడం కళ్లారా కనబడడం, నమ్మరూ మరి. లైటు కోసం గోళీలు మింగడం మొదలుపెట్టారు. ప్రతి నెలా సంత రోజున వరుస కట్టేవారు. ఆయన ఒక్కొక్కరినీ ముందుకీ వెనక్కీ తిప్పి చూసేవారు, వెంట వచ్చినవాళ్లను కూడా గదిలోకి రానిచ్చి, అదిగో ఆ మచ్చ, పోయిన నెలకంటే చిన్నదయింది చూడు అని చూపించేవారు. ఏడాదిన్నర మందు పూర్తిచేసి బతికినవాళ్లు ఒకరిద్దరు కాదు. నేనొకసారి ఉండబట్టలేక అడిగాను, వాళ్లు లైటే మందనుకుంటున్నారు కద సార్, చెప్పరేంటని. ఆయన ఎర్రద్దాల్లోంచి నన్ను చూసి, "గోళీ కడుపులోకి పోతోందా లేదా? ఏం నమ్మి మింగితే మనకేంటమ్మాయ్" అన్నారు. ఆ మాట నాకు అప్పుడు ఎంత నచ్చిందో చెప్పలేను.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. జబ్బు నయమైనవాళ్లు లైటు మానలేదు. శ్రీరామనవమికి భద్రాచలం పోయి, రాములవారి కళ్యాణం చూసి, తలంబ్రాలు కొంగున ముడేసుకుని తిరిగొచ్చేటప్పుడు దారిలో బస్సు దిగి లైటు పట్టించుకుని పోవడం ఆనవాయితీ అయిపోయింది. ఏడాదికోసారి లైటు పడితే ఏ జబ్బూ రాదని. పెళ్లాన్ని, పిల్లల్ని కూడా వెంటబెట్టుకొచ్చేవారు. ఏ రోగమూ లేనివాళ్లకు ఎందుకు సార్ అని నేను సణిగితే, ఒక్క క్షణం కదమ్మా, ఇది కాదంటే రేపు జబ్బు చేసినప్పుడు నా గడప తొక్కరు అనేవారు. నిజంగానే ఒక్క క్షణమే వేసేవారు. పిల్లలు ఏడవకుండా తన చేతులతో వాళ్లను పట్టుకుని నిలబెట్టేవారు. ఆ నాలుగు రోజులూ మా వరండాలో కూర్చునేందుకు చోటుండేది కాదు.

ఆయన గోళ్లు నిలువునా చీలడం నేను చేరేసరికే మొదలైంది. వేళ్ల మీద వెంట్రుకలు లేవు, చర్మం ఎండిపోయి, మెరుస్తూ, గీతలు గీతలుగా పగిలేది. సుశీలమ్మగారు రోజూ కొబ్బరినూనె రాసేవారు, చలికాలమని సరిపెట్టుకునేవారు. ఎండాకాలంలోనూ అలాగే ఉండేది. ఇంతలో ఆయనే పట్టుబట్టి నన్ను హైదరాబాదుకు ఎక్స్‌రే కోర్సుకు పంపారు. మా నాన్న వద్దంటే మా ఊరొచ్చి అరుగు మీద కూర్చుని, పిల్లకు బుర్ర ఉందయ్యా, దాన్ని పాడుచేయకు అని బతిమాలారు. అలా నేను చదివాను. చదివేకొద్దీ నాకు నిద్ర పట్టలేదు. అక్కడ ప్రతి ఉద్యోగి జేబుకూ ఒక చిన్న బిళ్ల తగిలించేవారు, ఎంత కిరణం తగిలిందో కొలవడానికి. కిరణం తగిలి పాడైన పాతకాలపు డాక్టర్ల చేతుల ఫొటోలు క్లాసులో చూపించారు. అవి విశ్వనాథంగారి చేతులే.

సెలవులకు వచ్చి నెత్తీ నోరూ కొట్టుకున్నాను. సీసం గ్లౌజులు వేసుకోమన్నాను. ఆయన నవ్వి, వరండాలో బియ్యం ఏరుతున్న సుశీలమ్మగారి చేట తెచ్చి నా ముందు పెట్టి, ఆ మందపాటి గ్లౌజు నా చేతికి తొడిగారు. అందులోంచి ఒక్క రాయి తీయమన్నారు. తీయలేకపోయాను. గ్లౌజులోంచి బియ్యమూ తెలియలేదు, రాయీ తెలియలేదు. ఎముకా అంతే అన్నారు. అయితే లైటు ఆపి సరిచేయండి, తర్వాత వేసి చూసుకోండి అన్నాను. సరిగా కూర్చోకపోతే మళ్లీ లాగాలి, వాడు మళ్లీ అరవాలి, నా వల్ల కాదమ్మాయ్ అన్నారు. ఎంత మొండి మనిషో. సుశీలమ్మగారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ, ఏదో పెద్ద సంగతి జరుగుతోందని మొదటిసారి గ్రహించినట్టున్నారు. చేట అక్కడే వదిలేసి లోపలికి వెళ్లిపోయారు.

కోర్సు అయ్యాక నాకు అక్కడే, ఒక క్యాన్సర్ దవాఖానాలో కరెంటు పెట్టే విభాగంలో ఉద్యోగం వచ్చింది. అదే జాతి కిరణంతో క్యాన్సర్ గడ్డను మాడ్చే వైద్యం. జనం దాన్ని కరెంటు పెట్టడం అంటారు. తిరిగొస్తానని మాటిచ్చాను కదా అంటే, ఇక్కడికొచ్చి నువ్వు చేసేదేముంది, అక్కడే ఉండు అని ఆయనే అన్నారు. మూడు నాలుగేళ్లకు ఆయన కుడిచేతి చూపుడువేలు మీద ఒక పుండు లేచింది. మానలేదు. క్యాన్సరని తేలి చివరికి వేలు తీసేశారు. ఆ తర్వాత పక్క వేలు. ఎముకలు కూర్చోబెట్టే చెయ్యి అన్నం ముద్ద కలపడానికి కూడా పనికిరాకుండా పోయింది. నేను చూడబోతే ఎడమచేత్తో స్పూను పట్టుకుని తింటున్నారు, అన్నం చొక్కా మీద పడుతోంది, పైకి మాత్రం ఊళ్లో సంగతులేవో చెబుతున్నారు.

సుశీలమ్మగారు చీకటి గదికి తాళం వేసి తాళంచెవి నడుముకు దోపుకున్నారు. ఉన్న చెయ్యైనా దక్కించుకోవాలని ఆమె ఆరాటం. ఆమెను ఏమనగలం? కానీ సంత రోజున దగ్గు రోగులు యథాప్రకారం వచ్చారు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. ఆయన వరండాలో కూర్చుని, చేతికి గుడ్డ చుట్టుకుని, ఇక లైటు లేదు, గోళీలు మాత్రం ఉన్నాయి, అసలు మందు అవేనని ఒక్కొక్కరికీ చెప్పుకొచ్చారు. లైటు వట్టిదేనని, చూడడానికే తప్ప దేనికీ కాదని. వాళ్లు వినయంగానే విన్నారు. ముందు వరసలో ఉన్న ముసలాయన మాత్రం గోళీల పొట్లం చేతిలో తిప్పుతూ, "మొన్నటిదాంక లైటు పడితేనే గోళీ పనిజేస్తదంటివి. ఇయ్యాల లైటు వట్టిదంటున్నవ్. ఏది నమ్మాలె సారు?" అన్నాడు. డాక్టరుగారు అలా ఎప్పుడూ అనలేదు. అనకపోయినా, వాళ్లు అనుకుంటుంటే ఊరుకున్నారు. ముసలాయన గోళీల పొట్లం అక్కడే పెట్టి లేచాడు, అతని వెనక మిగతావాళ్లూ లేచారు. పై నెల నలుగురు వచ్చారు, ఆపై నెల ఎవరూ రాలేదు. మళ్లీ మంచాల మీద మోసుకురావడం మొదలైంది. చేతుల కోసం తలుపు మూశాం, చేతులూ దక్కలేదు, వాళ్లూ దక్కలేదు అని ఆయన తర్వాత నాతో అన్నారు.

ఆ క్యాన్సరే పాకి చంకలో గడ్డ తేలాక ఆయన్ను నా దగ్గరికే తీసుకొచ్చారు. మా విభాగంలోనే కరెంటు పెట్టాలని డాక్టర్లు నిర్ణయించారు. చెట్టంత మనిషి, దుప్పటి కింద ఉన్నారా లేరా అన్నట్టుగా అయిపోయారు. మిషను కింద ఆయన్ను నేనే పడుకోబెట్టాను, చెయ్యి పైకెత్తి కట్టాను, చంకలో ఇంకుతో గీతలు గీశాను. ఆ గదిలో కరెంటు పెట్టేటప్పుడు రోగి పక్కన ఎవరూ ఉండకూడదు, మందపాటి తలుపు మూసి బయట అద్దంలోంచి చూడాలి. నేను కదలకుండా నిలబడిపోతే ఆయనే, పో అమ్మాయ్ బయటికి, నీకెన్నిసార్లు చెప్పాలి అని కసిరారు. అద్దంలోంచి చూస్తుంటే ఆ గదిలో ఆయన ఒక్కరే ఉన్నారు. ఇరవై ఏళ్లు ఏ రోగినీ ఒంటరిగా వదలని మనిషి. నేను ఏడ్చాను. పక్కన ఉన్న టెక్నీషియను మొహం తిప్పుకున్నాడు.

ఒకరోజు కరెంటు అయ్యాక ఆయన బల్ల దిగకుండా నా మణికట్టు పట్టుకున్నారు. చేతి సంగతి అడుగుతారనుకున్నాను. "నేను నిలబడ్డ చోటే వాళ్లూ నిలబడ్డారు కదమ్మా. ఆ ఆడపిల్లలు. నెలనెలా. వాళ్లకేమవుతుంది?" అన్నారు. విదేశాల్లో అలా పదే పదే స్క్రీనింగు చేయించుకున్న క్షయరోగుల్లో, ఆడవాళ్లకు చాలా ఏళ్ల తర్వాత రొమ్ము క్యాన్సర్ ఎక్కువగా కనబడిందని నేను క్లాసులో విన్నాను. ఆయనకు అబద్ధం చెప్పే ధైర్యం నాకు లేదు. కొందరికి రావచ్చు సార్, రాకపోవచ్చు, ఎవరికి ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పలేరు అన్నాను. మీరు లైటు పట్టకపోతే వాళ్లు ఆ దగ్గుతోనే పోయేవాళ్లు కద అన్నాను. "ఆ మాట నేనూ చెప్పుకుంటున్నాను. మరి నవమికి వచ్చిన పిల్లలకు దగ్గెక్కడుంది?" అన్నారు. చెయ్యి పోయినందుకు ఆయన ఎప్పుడూ బాధపడలేదు, అది తన చెయ్యి, తన ఇష్టం. ఆ పిల్లల తలపు మాత్రం ఆయన్ను తొలిచేసింది. గడ్డ తగ్గలేదు. ఆ వేసవిలోనే పోయారు. పోయేముందు మత్తులో కూడా, వెనక్కి తిరుగు, ముందుకి తిరుగు అని గొణిగారని సుశీలమ్మగారు చెప్పారు.

అప్పట్నుంచి నాకొక అలవాటు పట్టుకుంది. మా విభాగానికి ఖమ్మం, భద్రాచలం వైపు నుంచి ఏ ఆడమనిషి వచ్చినా, ఏ ఊరమ్మా, చిన్న వయసులో దగ్గు జబ్బు చేసిందా అని అడిగేదాన్ని. లేదంటే ఆ పూటకు ఊపిరి తీసుకునేదాన్ని. ఏళ్ల తరబడి లేదనే విన్నాను. తొంభైల చివర్లో ఒకామె వచ్చింది, అడవి వైపు గూడెం మనిషి, నలభై దాటిన వయసు, రొమ్ము క్యాన్సర్. అడిగాను. ఎందుకు చేయదు సిస్టర్, చేసిందంది. లైటు దవాఖానా సారు ఏడాదిన్నర లైటు పట్టి బతికించాడంది. నేనూ అక్కడ పనిచేశానంటే, ఆయన ఎట్లున్నాడని నన్నే అడిగింది. పోయారని చెబితే, దేవునసుంటి మనిషి అని కళ్లు తుడుచుకుంది.

బల్ల మీద పడుకోబెట్టి గీతలు గీస్తుంటే పైనున్న మిషను తలకాయను చూసి భయపడింది. తర్వాత ఏదో తట్టినట్టు, "ఇది గా లైటేనా సిస్టర్?" అంది.

అవ్ అన్నాను.

"గట్లయితే బతుకుత" అని ఆ మిషనుకు దండం పెట్టుకుంది. నేను బయటికొచ్చి తలుపు మూశాను.

ఆమె బతకలేదు. ఆ లైటు వల్లే ఆమెకు ఈ జబ్బు వచ్చిందని చెప్పడానికి లేదు, కాదని చెప్పడానికీ లేదు. ఏ లైటూ చూడని ఆడవాళ్లకు కూడా వస్తుంది. అలా ఎన్నిసార్లు చెప్పుకున్నా నాకు స్థిమితం లేదు. ఎందుకంటే గీతలు గీసిన ఆ రోజు బయట బెంచీ మీద ఆమె కూతురు కూర్చుని ఉంది, ఇరవై రెండేళ్ల పిల్ల, తల్లి చెప్పులు ఒళ్లో పెట్టుకుని. నేను పక్కన కూర్చుని, అమ్మకు వచ్చింది కాబట్టి నువ్వు కూడా జాగ్రత్తగా ఉండాలి, ఏటా ఒకసారి ఖమ్మం పోయి పెద్ద దవాఖానాలో చూపించుకోవాలి, ఏ గడ్డ తగిలినా జల్దీ రావాలి అని నాకు చేతనైనంత నెమ్మదిగా చెప్పాను. ఆ పిల్ల నా మాటకు అడ్డం రాకుండా అంతా విని, నన్నే ఓదారుస్తున్నట్టు నా చేతి మీద చెయ్యి వేసింది.

"నాకెందుకొస్తది సిస్టర్? మా అమ్మ నాకు చిన్నప్పటి సంది ప్రతి నవమికి లైటు పట్టిచ్చింది."

ఆ పిల్లకు ఇప్పుడు యాభై దగ్గర పడి ఉంటాయి. మళ్లీ రాలేదు. ఎక్కడుందో, ఎట్లా ఉందో నాకు తెలియదు.